గిటారు నేర్చుకుంటే చెయ్యి పడిపోతుందా?

ప్రశ్న: నా వయస్సు 29 సంవత్సరాలు. మోటారు సైకిళ్ళ మెకానిక్‌ని. అయిదు నెలల క్రితం ఒక పాత గిటారు కొనుక్కుని, ఎవరి దగ్గరా శిష్యరికం చేయకుండా సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను. పగలంతా షెడ్డులో పని. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా సాధన. మా చర్చిలో క్రిస్మస్ పాటలకు వాయిస్తానని అందరికీ మాట ఇచ్చాను. ఇంక మూడు నెలలే గడువుంది. మొదట్లో వేళ్ళ కొసలు మండేవి. అది పోయింది. ఇప్పుడు నెల రోజులుగా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. అర్ధరాత్రి ఆ తిమ్మిరితోనే మెలకువ వస్తోంది. లేచి చెయ్యి విదిలించుకుంటే తగ్గుతుంది. మొన్న షెడ్డులో పానా చేతిలోంచి జారి పడిపోయింది. స్నేహితులు “నొప్పి ఓర్చుకుంటేనే విద్య వస్తుంది” అంటున్నారు. మా అమ్మ “చెయ్యి పడిపోతే కూడెవరు పెడతారు? ఆ గిటారు అమ్మేసెయ్” అంటోంది. ఎవరి మాట వినమంటారు? ఇది పక్షవాతానికి సూచనా?
— ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీ స్నేహితుల మాటలో సగం నిజం ఉంది. మీ అమ్మగారి మాటలో మిగతా సగం ఉంది. గిటారు అమ్మవలసిన పని లేదు. కాని ఇప్పుడు వాయిస్తున్న పద్ధతిలో, ఇప్పుడు వాయిస్తున్నంత సేపు, ఇకమీదట ఒక్క రాత్రి కూడా వాయించకూడదు.

ముందుగా మీ భయం సంగతి. మీరు రాసినవి పక్షవాత లక్షణాలు కావు. పక్షవాతం ఉన్నట్టుండి వస్తుంది. ఒక పక్క చెయ్యి, కాలు ఒక్కసారిగా బలహీనపడతాయి. మూతి ఒక పక్కకు వంకరపోతుంది. మాట ముద్దగా వస్తుంది. అలా జరిగితే ఒక్క నిముషం కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. రక్తపు గడ్డను కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటలలోపు ఇస్తేనే ప్రయోజనం. మీది అటువంటిది కాదు. మూడు వేళ్ళలో, అదీ రాత్రిపూట తిమ్మిరి రావడం, విదిలిస్తే తగ్గడం అనేవి మణికట్టు దగ్గర ఒక నరం నలుగుతున్నదని చెప్పే గుర్తులు. దీనికి మంచి వైద్యం ఉంది. అశ్రద్ధ చేస్తే మాత్రం చేతి బలం నిజంగానే తగ్గుతుంది.

ఓర్చుకోదగిన నొప్పి, ఓర్చుకోరాని నొప్పి

తీగ వాద్యాలు నేర్చుకునే వారికి రెండు రకాల బాధలు కలుగుతాయి. వీటికీ వాటికీ తేడా తెలియకపోవడంవల్లనే చిక్కంతా వస్తోంది.

మొదటిది వేళ్ళ కొసల మంట. సన్నని లోహపు తీగను రోజూ అదిమితే చర్మం ఒత్తిడికి గురై పైపొరను మందం చేసుకుంటుంది. దీన్నే కాయ కాయడం అంటాం. గడ్డపార పట్టిన చేతులు కాయలు కాసినట్టే ఇదీను. వీణ వాయించే వారి ఎడమచేతి వేళ్ళను చూడండి, తీగ గీసిన గీతలతో కాయలు కనిపిస్తాయి. రోజూ కొద్దికొద్దిగా సాధన చేస్తే మూడు నాలుగు వారాలలో వేళ్ళు గట్టిపడి మంట దానంతటదే పోతుంది. ఈ నొప్పి ఓర్చుకోదగినదే. మీ స్నేహితులు చెప్పినది దీని విషయంలో నిజం.

రెండవది లోపలి నొప్పి. తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండటం, మణికట్టు సలుపు, బొటనవేలి మొదట్లో పోటు, ముంజేతిలో మంట, వేలు ముడిచి విప్పేటప్పుడు పట్టేయడం మొదలైనవి ఈ జాతిలోనివి. చర్మం కాయ కాసినట్టు నరం కాయ కాయదు. ఒత్తిడిని ఓర్చుకునే కొద్దీ చర్మం గట్టిపడుతుంది, నరం దెబ్బ తింటుంది. కాబట్టి ఈ నొప్పిని ఓర్చుకోవడం పట్టుదల అనిపించుకోదు.

గుర్తు పెట్టుకోవడానికి ఒక సులువైన సూత్రం: చర్మం మీది నొప్పికి సాధన తగ్గించండి. లోపలి నొప్పికి సాధన ఆపండి.

మణికట్టులో సొరంగం

మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు పళ్ళెంలా అమరి ఉంటాయి. వాటిపైన ఒక గట్టి పట్టీ అడ్డంగా కప్పి ఉంటుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న ఇరుకు సందులోంచి వేళ్ళను ముడిచే తాళ్ళవంటి స్నాయువులు తొమ్మిది, మీడియన్ అనే నరం ఒకటి అరచేతిలోకి పోతాయి. ఈ సందునే కార్పల్ టనల్ అంటారు. టనల్ అంటే సొరంగం.

మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు ఈ సొరంగంలో సర్దుబాటుగా ఉంటుంది. మణికట్టును బాగా లోపలికి గాని, వెనక్కి గాని వంచినప్పుడు లోపల ఒత్తిడి పెరుగుతుంది. అలా వంచి, వేళ్ళతో గట్టిగా అదుముతూ గంటల తరబడి ఉంటే స్నాయువుల చుట్టూ వాపు వస్తుంది. తొమ్మిది స్నాయువులూ ఉబ్బితే మధ్యలో నలిగేది ఆ మెత్తని నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం — వీటికి స్పర్శజ్ఞానం ఇచ్చేది ఆ నరం. అందువల్లనే మీకు సరిగ్గా ఆ వేళ్ళే తిమ్మిరెక్కుతున్నాయి. నిద్రలో తెలియకుండా మణికట్టు ముడుచుకుని పడుకుంటాం గనుక రాత్రిపూట బాధ ఎక్కువ.

ఇందులో మీ వృత్తి పాత్ర కూడా ఉంది. పగలంతా పానాలు బిగించి పట్టుకోవడం, క్లచ్ లీవర్లు లాగడం, బండి ఇంజన్ అదురుకు చెయ్యి ఆనించి ఉంచడం, ఇవన్నీ అదే సొరంగం మీద పడే భారమే. చేతికి షెడ్డు వేరు, గిటారు వేరు అని తెలియదు. పది గంటల పని తర్వాత రెండున్నర గంటల సాధన అంటే, ఆ చేతికి రోజుకు పన్నెండున్నర గంటల పని అన్నమాట.

మధుమేహం, థైరాయిడ్ గ్రంథి మందగించడం, కీళ్ళవాతం ఉన్నవారికీ, గర్భిణీ స్త్రీలకూ ఈ వ్యాధి మరింత సులువుగా వస్తుంది. కాబట్టి మీరు ఒకసారి రక్తంలో చక్కెర, థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష

రెండు మోచేతులూ బల్లమీద ఆనించి, ముంజేతులు నిలువుగా పెట్టి, మణికట్లను ముందుకు వేలాడేటట్టు వదిలేయండి. అలా ఒక్క నిముషం ఉండండి. ఆ లోపల బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్ళలో తిమ్మిరి మొదలైతే నరం నలుగుతున్నదని అనుమానించాలి.

తిమ్మిరి చిటికెనవేలు, ఉంగరపు వేలి బయటి సగంలో ఉంటే అది వేరే నరం. అది మోచేతి వెనకనుంచి వస్తుంది. మోచెయ్యి బాగా ముడిచి ఎక్కువసేపు ఉంచేవారికి అది వస్తుంది. మెడనుంచి భుజం మీదుగా నొప్పి కిందికి పాకుతుంటే మెడ ఎముకల దగ్గర నరం ఒత్తుకుంటున్నదేమో చూపించుకోవాలి. బొటనవేలి వైపు మణికట్టు పోటు పెడుతుంటే అది నరం బాధ కాదు, బొటనవేలి స్నాయువుల తొడుగు వాచిందన్నమాట. ఇలా ఏ వేలికి ఏ బాధ ఉందో గమనించి చెబితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

వీడియో చూపిస్తుంది గాని, చూడదు

గురువు దగ్గర నేర్చుకునేవాడికీ, సొంతంగా నేర్చుకునేవాడికీ తేడా పాఠంలో లేదు. పాఠాలు ఈనాడు ఫోనులో కావలసినన్ని దొరుకుతున్నాయి. వాటిలో మంచివీ చాలా ఉన్నాయి. తేడా ఏమిటంటే, గురువు మీ చెయ్యి చూస్తాడు. “మణికట్టు వంచకు, భుజం ఎగెయ్యకు, ఇవాళ్టికి చాలు లే” అంటాడు. ఫోను తన చెయ్యి చూపిస్తుంది గాని, మీ చెయ్యి చూడదు. కాబట్టి సొంతంగా నేర్చుకునేవాడు శిష్యుడి పనితో బాటు గురువు పని కూడా తనే చేసుకోవాలి. నేర్చుకోవడం కన్నా ముందు ఆపడం నేర్చుకోవాలి.

దీనికి ఖర్చు లేని సాధనం ఒక నిలువుటద్దం. ఎదురుగా పెట్టుకుని వాయించండి. లేదా అదే ఫోనుతో మీ చేతిని అయిదు నిముషాలు వీడియో తీసి చూసుకోండి. ఈ కింది తప్పులు కనిపిస్తాయేమో చూడండి.

1. వేళ్ళు ఎక్కడ పెడుతున్నామో కనపడాలని కొత్తవారు గిటారును పైకి వాల్చి, ముఖం చూపేటట్టు పట్టుకుంటారు. దానితో ఎడమ మణికట్టు బాగా వంగిపోతుంది, మెడ కూడా వంగుతుంది. గిటారు నిలువుగా ఉండాలి. వేళ్ళను కళ్ళతో కాక స్పర్శతో వెతుక్కోవడం అలవాటు చేసుకోవాలి. మొదట కష్టం, పది రోజులలో అలవాటవుతుంది.

2. మంచం మీద బాసెంపట్టు వేసుకుని, ఫోను పక్కమీద పడేసి నేర్చుకోవడం. నడుము, మెడ రెండూ చెడతాయి. చేతులు లేని కుర్చీలో, పాదాలు నేలకు ఆనేటట్టు కూర్చోండి. ఫోను కంటి ఎత్తున ఉండాలి. కూర్చున్నప్పుడు కూడా గిటారుకు భుజం పట్టీ తగిలించుకుంటే ఎడమచేతికి గిటారు బరువు మోసే పని తప్పుతుంది. ఎడమచెయ్యి వాయించడానికే, మోయడానికి కాదు.

3. బొటనవేలితో గిటారు మెడను పట్టకారులా నొక్కడం. బొటనవేలు వెనకవైపు, దాదాపు మధ్యవేలికి ఎదురుగా, తేలికగా ఆని ఉండాలి. అప్పుడప్పుడు వాయిస్తూనే బొటనవేలు తీసి చూడండి. తీయలేకపోతే మితిమీరి నొక్కుతున్నట్టే.

4. మెట్టుకు దూరంగా వేలు పెట్టడం. మెట్టుకు సరిగ్గా వెనకగా, దానిని తాకీ తాకనట్టు వేలు పెడితే కొద్ది బలంతోనే శబ్దం స్పష్టంగా వస్తుంది. రెండు మెట్ల నడుమ పెడితే ఎంతో అదిమితే గాని రాదు.

ఎంత బలం చాలునో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. తీగ మీద వేలు ఊరికే ఆనించి మీటండి. మొద్దు శబ్దం వస్తుంది. కొద్దికొద్దిగా అదుముతూ మీటుతూ ఉంటే ఒక చోట శబ్దం తేటపడుతుంది. ఆ బలమే చాలు. ఒక్కసారి కొలిచి చూసుకుంటే, ఇంతకాలం ఎంత అనవసరంగా నొక్కుతున్నారో మీకే తెలిసివస్తుంది.

చేతిని గిటారుకు కాదు, గిటారును చేతికి తగ్గట్టు మార్చండి

మీరు కొన్నది పాత గిటారు అన్నారు. పాత గిటార్లలో, చవక గిటార్లలో తరచుగా తీగలు చాలా ఎత్తులో ఉంటాయి. ఒక స్కేలుబద్ద తీసుకుని 12వ మెట్టు దగ్గర లావు తీగకూ మెట్టుకూ మధ్య సందు కొలవండి. ఉక్కు తీగల గిటారుకు రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే చాలు. నాలుగు దాటితే మీరు గిటారుతో కాదు, గిటారు మీతో కుస్తీ పడుతున్నదన్నమాట. సంగీత వాద్యాలు బాగుచేసేవారి దగ్గరకు తీసుకువెళ్ళి తీగల ఎత్తు తగ్గించమనండి.

తీగల లావు కూడా ముఖ్యమే. మామూలు ఉక్కు తీగల జతను శ్రుతిలో పెడితే ఆరు తీగల మీదా కలిపి సుమారు 70 కిలోల బిగువు ఉంటుంది. నైలాన్ తీగల గిటారుకు 40 కిలోలకు లోపే. ఉక్కులో కూడా సన్నని తీగల జతలు దొరుకుతాయి. మొదటి తీగ 12 అని రాసి ఉన్న జత బదులు 10 అని ఉన్నది అడగండి. కేపో అనే చిన్న బిగింపు కొని ఒకటో, రెండో మెట్టు మీద బిగిస్తే తీగ ఇంకా తేలికగా అణుగుతుంది. తుప్పు పట్టిన తీగలు వెంటనే మార్చేయండి. తుప్పు తీగ తెగి వేలు చీరుకుంటే సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా సంగతి డాక్టరును అడగాలి.

ఇలా సన్నని తీగలు వేసుకుంటే చేతకానితనం అనుకుంటారేమో. ఒక సంగతి చెబుతాను. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో రేకుల కర్మాగారంలో పనిచేసే టోనీ అయోమీ అనే కుర్రవాడు 1965లో, 17 ఏళ్ళ వయస్సులో, యంత్రంలో చెయ్యిపడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలి కొసలు పోగొట్టుకున్నాడు. అతడిది ఎడమచేతి వాటం. అంటే తీగలు అదిమే వేళ్ళే పోయాయి. ఆ స్థితిలో కర్మాగారం ఫోర్‌మన్ అతడికి ఒక గ్రామఫోను రికార్డు వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాయించినది. 1928లో బండికి నిప్పంటుకుని కాలిపోవడంవల్ల ఆ జాంగో ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ దాదాపు పనికిరాకుండా పోయాయి. అయినా మిగిలిన రెండు వేళ్ళతోనే కొత్త పద్ధతి కనిపెట్టుకుని ఐరోపాలో జాజ్ సంగీతానికి పెద్ద పేరు తెచ్చాడు. అది విన్న అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. మామూలు తీగలు కష్టంగా ఉంటే బాగా సన్నవి వేసుకున్నాడు. తర్వాత శ్రుతి కూడా తగ్గించుకున్నాడు. బ్లాక్ సబ్బాత్ అనే బృందంలో అతడు ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు.

వీరి పట్టుదల గురించి అందరూ చెబుతారు. డాక్టరుగా నేను గమనించమనేది మరొకటి. ఇద్దరూ తమ చేతిని ఇంకా గట్టిగా అదమలేదు. చేతికి తగ్గట్టు పనిముట్టునూ, పద్ధతినీ మార్చుకున్నారు. మెకానిక్ అయిన మీకు ఇది వేరే చెప్పాలా? బోల్టు తిరగకపోతే నూనె వేస్తారు గాని, చెయ్యి విరగ్గొట్టుకోరు గదా!

ఎంతసేపు వాయించాలి?

ఏ బాధా లేని కొత్తవారు మొదటి రెండు వారాలు రోజుకు రెండు, మూడు సార్లు, ఒక్కొక్కసారి పది నిముషాల చొప్పున చేస్తే చాలు. తర్వాత వారం వారం కొద్దిగా పెంచుకోవచ్చు. ఎంత పెరిగినా ఇరవై, ఇరవై అయిదు నిముషాలకొకసారి గిటారు పక్కన పెట్టి అయిదు నిముషాలు చేతులు వదులుగా వేలాడేయాలి. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. వేళ్ళు నేర్చుకున్నదానిని మెదడు నిద్రలో స్థిరపరుచుకుంటుంది. కాబట్టి రాత్రి పన్నెండు దాకా వాయించి నిద్ర పాడుచేసుకుంటే పాఠం కూడా పాడవుతుంది.

చూపుడువేలు అడ్డంగా పరచి తీగలన్నీ ఒక్కసారే నొక్కవలసిన ‘ఎఫ్’ వంటి స్వరాల జట్ల దగ్గర చాలామంది చేతులు పాడుచేసుకుంటారు. వాటికి తొందరలేదు. మొదటి రెండు మూడు నెలలూ వాటి జోలికి పోకుండానే ఎన్నో పాటలు వాయించవచ్చు.

మీకు వైద్యం

ఇక మీ విషయం. మీ చేతిలోంచి వస్తువు జారిపోయింది గనుక ఇంటి చిట్కాలతో కాలయాపన చేయవద్దు. ఈ వారంలోనే ఎముకల డాక్టరుకు గాని, నరాల డాక్టరుకు గాని చూపించుకోండి. అవసరమైతే నరంలో విద్యుత్తు ఎంత వేగంగా ప్రసరిస్తున్నదో కొలిచే పరీక్ష చేస్తారు.

చాలామందికి మొదటి వైద్యం చాలా సులువు. మణికట్టు తిన్నగా ఉండేటట్టు ఒక పట్టీ రాత్రిపూట కట్టుకుని పడుకోవడం. ఆరు వారాలు మానకుండా కట్టాలి. దానితో బాటు నరం నలిగే పని తగ్గించాలి. తేలికపాటి జబ్బు దీనితోనే సర్దుకుంటుంది. తగ్గకపోతే నిపుణులు సొరంగంలోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తారు. అప్పటికీ లొంగకపోయినా, బొటనవేలి మొదట్లోని కండ చప్పబడుతున్నా చిన్న ఆపరేషన్ చేసి పైన ఉన్న పట్టీని కోసి సొరంగాన్ని వదులు చేస్తారు. చేతికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి పోవచ్చు.

చేయకూడనివి కూడా చెబుతాను. మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు రోజుల తరబడి మింగకండి. అవి నొప్పిని కప్పిపుచ్చుతాయి గాని నరం మీద ఒత్తిడి తీయవు. కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు చెరుపు మాత్రం చేయగలవు. బలానికని సూదులు వేయించుకోకండి. బి6 విటమిన్ అతిగా పోతే దానివల్లనే నరాలు దెబ్బతింటాయి. మణికట్టును మెలిపెట్టి విరిచే నాటు మర్దనలు అసలు వద్దు.

షెడ్డులో పొడుగు పిడి ఉన్న పానాలు వాడండి. బిగువుగా ఉన్న బోల్టులకు రెండు చేతులూ మార్చి మార్చి వాడండి. అదురు ఎక్కువగా ఉన్న పని తర్వాత చేతికి విశ్రాంతి ఇవ్వండి.

మరి క్రిస్మస్ సంగతి? ఆరు వారాలు ఎడమచేతితో తీగలు అదమకండి. అంటే విద్య ఆగిపోయినట్టు కాదు. ఎడమ అరచెయ్యి తీగలమీద ఊరికే ఆనించి కుడిచేతితో తాళం సాధన చెయ్యండి. కొత్తవారి వాయింపు చెడేది ఎక్కువగా తాళం దగ్గరే. పాటలు విని ఎక్కడెక్కడ స్వరాల జట్టు మారుతున్నదో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఆరు వారాల తర్వాత తిమ్మిరి పోయి, డాక్టరు సరేనంటే, సన్నని తీగలతో పది నిముషాల చొప్పున మొదలుపెట్టండి. ‘జి, సి, డి’ అనే మూడు జట్లతో, కేపో సాయంతో, సామాన్యంగా పాడుకునే పాటలు ఎన్నో వాయించవచ్చు. అప్పటికీ తిమ్మిరి ఉంటే ఈ క్రిస్మస్‌కు పాడండి, వచ్చే క్రిస్మస్‌కు వాయించండి. ఇచ్చిన మాటను ఒక ఏడాది వాయిదా వేసుకోవచ్చు. నరానికి ఆ వీలు లేదు. ఈ జవాబు మీ అమ్మగారికి కూడా చదివి వినిపించండి.

మరికొన్ని ఉత్తరాలకు క్లుప్తంగా జవాబులు

ప్రశ్న: నాకు 61 సంవత్సరాలు. రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. పదేళ్ళుగా మధుమేహం. ఈ వయస్సులో గిటారు మొదలుపెడితే నవ్వుతున్నారు. నేర్చుకోవచ్చునా?

జవాబు: నిరభ్యంతరంగా నేర్చుకోవచ్చు. తీగ వాద్యాలు వాయించేవారి మెదడులో ఎడమచేతి వేళ్ళకు, ముఖ్యంగా చిటికెనవేలికి, కేటాయించిన భాగం మామూలువారి కన్నా పెద్దదిగా ఉన్నట్టు 1995లో శాస్త్రజ్ఞులు కొలిచి చూపించారు. చిన్నతనంలో మొదలుపెట్టినవారికి ఆ తేడా మరింత ఎక్కువ. అంతమాత్రాన పెద్ద వయస్సులో మెదడు తలుపులు మూసుకోదు. నేర్చుకోవడం నెమ్మదిగా జరుగుతుంది, అంతే. మధుమేహం ఉన్నవారు మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. నైలాన్ తీగలు వాడండి. వేళ్ళలో స్పర్శ తగ్గి ఉండవచ్చు గనుక సాధన తర్వాత వెలుతురులో వేళ్ళ కొసలు చూసుకుని, పగుళ్ళు, పుండ్లు ఉంటే మానేవరకు వాయించకండి. ఉదయం లేచేసరికి వేలు ముడుచుకుపోయి, టక్కుమని తెరుచుకుంటుంటే డాక్టరుకు చూపించండి. ఈ బాధ మధుమేహం వారిలో ఎక్కువ. నవ్వేవారికి నాలుగు నెలల తర్వాత ఒక పాట వినిపించండి.

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను. వేళ్ళు త్వరగా గట్టిపడాలని స్నేహితురాలు చేతివేళ్ళ కొసలకు క్షణంలో అంటుకునే జిగురు రాసుకోమంటోంది. మంచిదేనా?

జవాబు: మంచిది కాదు. ఆ జిగురు చర్మాన్ని మండించవచ్చు, దురదలు పుట్టించవచ్చు, పొరపాటున కంటికి తగిలితే ప్రమాదం. ఉప్పునీళ్ళు, వెనిగర్, స్పిరిట్ వంటివి కూడా చర్మాన్ని ఎండగట్టి పగిలేటట్టు చేస్తాయి. చర్మం తన పని తాను చేసుకుంటుంది, మీరు రోజూ కాస్త వాయిస్తే చాలు. స్నానం చేయగానే, గిన్నెలు తోమగానే చర్మం నాని మెత్తగా ఉంటుంది. అరగంట ఆగి వాయించండి. బొబ్బ వస్తే చిదపకండి. అది మానేవరకు ఆ వేలికి సెలవివ్వండి. ఎడమచేతి గోళ్ళు మాత్రం పొట్టిగా కత్తిరించుకోవాలి. గోరు ఉంటే వేలు తిన్నగా ఆనక మణికట్టు వంకరపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. గిటారు కావాలని గొడవ చేస్తున్నాడు. ఇంత చిన్న వయస్సులో వేళ్ళ ఎముకలు వంకరపోతాయని పక్కింటివారు భయపెడుతున్నారు.

జవాబు: ఎముకలు వంకరపోవు. అయితే పెద్దవారి గిటారు కొనివ్వకండి. ‘త్రీ బై ఫోర్’ అనే చిన్న కొలత గిటార్లు, అంతకన్నా చిన్నవీ ఉన్నాయి. నైలాన్ తీగలది కొనండి. పది, పదిహేను నిముషాలు చాలు. “వేళ్ళు నొప్పి” అంటే నమ్మి ఆ రోజుకు ఆపించండి. బలవంతంగా కూర్చోబెడితే చెయ్యి కన్నా ముందు ఇష్టం చెడుతుంది.

ప్రశ్న: ఇంట్లో వారికి ఇబ్బంది లేకుండా ఎలక్ట్రిక్ గిటారుకు హెడ్‌ఫోన్ పెట్టుకుని రాత్రులు వాయిస్తాను. తర్వాత చెవుల్లో కీచుమనే మోత. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ మోత చెవి మీకు చెబుతున్న హెచ్చరిక. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినడం ప్రమాదం. శబ్దం ఇంకా పెరిగితే ఆ గడువు త్వరత్వరగా తగ్గిపోతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సన్నని కణాలు ఒకసారి చస్తే మళ్ళీ పుట్టవు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నా పక్కనున్న మనిషి మామూలు గొంతుతో పిలిస్తే వినపడేటంత వరకే శబ్దం పెట్టండి. రెండు రోజులు మానేసినా మోత తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించుకోండి. చేతికి సన్నని తీగ వేసుకోవచ్చు గాని, చెవికి మారు చెవి లేదు.